చిటికెడు ఉప్పు, రెండు ఇనుప మేకులు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి చేపలు తెచ్చే పిన్ని. గంప అరుగు మీద దించింది గానీ, చేపల మాట ఎత్తలేదు.

"విన్నావా అమ్మాయ్, మనం ఇన్నాళ్లూ తాగింది బురదంట. మామ్మని రేపట్నించి గట్టు ఎక్కొద్దన్నారు."

మామ్మ అంటే మా ఊరి మంచినీళ్ల చెరువుకి కాపలా. భర్త పోయినప్పటి నుంచీ ఆ చెరువే ఆమె ఇల్లు. గేదెలు దిగకుండా, ఎవరూ బట్టలు ఉతక్కుండా చూస్తుంది. వేసవిలో కాలువ కట్టేసే ముందు చెరువు నింపుకుంటాం కదా, అప్పుడు పటిక, సున్నం వేయించేదీ ఆమే. అందుకు నెలనెలా ఇంటింటా తవ్వెడు బియ్యం పోస్తాం. అదే ఆమె బతుకు.

కొల్లేరు పక్కన కాపురం చేసేవాళ్లకి నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం వెతుక్కోవాలి. ఇంతకీ జరిగింది ఏమిటంటే, ముందురోజు ఏలూరు నుంచి ఫిల్టర్ మిషన్లు అమ్మే కుర్రాడొకడు వచ్చాడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మా చెరువు నీళ్లు, రెండోదాంట్లో తన మిషన్ నీళ్లు పోశాడు. రెంటిలోనూ ఇనుప కడ్డీలు దించి కరెంటు పెట్టాడు. చూస్తూండగానే చెరువు నీళ్లు పచ్చగా, తర్వాత చింతపండు పులుసులా అయ్యాయి. మిషన్ నీళ్లు అలాగే ఉన్నాయి. "మీరు రోజూ తాగేది ఇదేనండీ. లోపల దాక్కున్న మురికంతా బయటపడింది," అన్నాడు. అక్కడున్న పెద్దలకి మామ్మ మీద కోపం వచ్చింది.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మామ్మ గట్టు దిగువన కూర్చుని ఉంది. నన్ను చూసి, "సున్నం ఎక్కువ వేయించానేమో అమ్మాయ్. పసిపిల్లలు తాగే నీళ్లు," అంది. తనని నిందించినందుకు బాధలేదు ఆమెకి. వాళ్ల మాట నమ్మేసింది. అదే నన్ను పట్టుకుంది.

నేను బడికి వెళ్లలేదు. తాడేపల్లిగూడెం దగ్గర మా పుట్టిల్లు. చిన్నప్పుడు ఉబ్బసం ఎక్కువగా ఉండేదని మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పారు. బైబిలు వాక్యం చదివించేవారు, లెక్కలు చేయించేవారు. ఏది చెప్పినా చివర్లో ఒకటే అడిగేవారు: "నీకెలా తెలుసమ్మా?" ఎవరో చెప్పారంటే, "సరే, వాళ్లకెలా తెలుసు?" అనేవారు. విసుగొచ్చేది. ఇప్పుడు ఆ విసుగుకి కూడా దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను.

శుక్రవారం మా వరండాలో ఆడవాళ్ల ప్రార్థన కూడిక ఉంటుంది. ప్రార్థన అయ్యాక అడిగాను. "ఆ కుర్రాడు చేసింది మనమూ చేసి చూద్దామా?"

"ఏం పెట్టి చేస్తావే?" అంది మా వదిన. మావారి అక్కగారు ఆమె. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. అప్పటికే మిషన్‌కి పేరు రాయించుకుంది.

ఇంటి కరెంటుతో ఆటలొద్దని మందిరంలో మైకుసెట్టు బ్యాటరీ అడిగి తెచ్చాం. "ఆదివారానికి ఛార్జింగ్ ఉండాలమ్మా, లేకపోతే నేను అరిచి చెప్పాల్సొస్తుంది," అన్నారు పాస్టరు గారు. తీగలూ, ఇనుప మేకులూ మావారి పెట్టెలోవి. మొదటిసారి మేకులు రెండూ ఒకదానికొకటి తగిలి చిటుక్కున నిప్పురవ్వ లేచింది. వదిన "ప్రభువా!" అని గుమ్మం అవతలికి దూకింది.

"మిషన్‌కి పేరు రాయించుకున్నావు కదా వదినా, ఇంకా భయమెందుకు?" అంది పిన్ని.

"నీ గంపలో పీత కరిచినప్పుడు నువ్వు చేసిన గోల ఊరంతా విన్నారులే," అని వదిన మళ్లీ వచ్చి కూర్చుంది.

ఈసారి మేకుల మధ్య చెక్కముక్క పెట్టి చెరువు నీళ్లలో దించాం. కూరగాయలు తరిగేంతసేపట్లో నీళ్లు గోధుమరంగుకి తిరిగాయి. అడుగున నలుసులు. అందరి మొహాలూ మాడిపోయాయి. కాచి చల్లార్చిన చెరువు నీళ్లూ అంతే. మిషన్‌లో వడకట్టి అమ్మే టిన్ను నీళ్లు మాత్రం ఎంతసేపు చూసినా తేటగానే ఉన్నాయి.

"చూశారా! ఇంకేం కావాలి?" అంది వదిన.

ఆ కుర్రాడు చెప్పిందే నిజమేమో అనుకున్నాను. మామ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. అప్పుడు పిన్ని, మేకులు దించని నీళ్లు రెండు రకాలూ నోట్లో పోసుకుని చప్పరించింది. "రంగు సంగతి తర్వాత. ఇది చప్పగా ఉంది, మన చెరువుది కాస్త ఉప్పు తగుల్తోంది. ఎండాకాలం ఎప్పుడూ ఇంతేగా."

రెంటికీ తేడా ఒకటి దొరికింది. మరి ఆ తేడా చెరిపేస్తే? లోపలికి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చాను. వదిన చేతే చిటికెడు తీయించి టిన్ను నీళ్లలో వేయించాను. మేకులు కడిగి దించాం.

ఒక మేకు నుంచి సన్నటి బుడగలు లేస్తున్నాయి. రెండో మేకు చుట్టూ పచ్చటి పొగలాంటిది దిగింది. కాసేపటికి డబ్బు పోసి కొన్న ఆ నీళ్లు చెరువు నీళ్లకంటే చిక్కగా, చింతపండు పులుసైపోయాయి.

"ఇదేంటే! ఉప్పులో మురికుందా?" అంది వదిన.

"ఈ ఉప్పే కదా రోజూ కూరలో వేస్తున్నాం," అన్నాను.

పిన్ని మేకులు బయటకి తీసి కొంగుతో తుడిచింది. ఒకటి అలాగే ఉంది. రెండోది ఎలుక కొరికినట్టు సన్నబడింది. "పోయిన ఇనుమంతా ఏమైనట్టు?" అంది. అందరం గ్లాసు అడుగుకే చూశాం.

ఇంకొక్కటి మిగిలింది. మేకుల బదులు పెన్సిళ్లు రెండు వైపులా చెక్కి, పై కొసలకి తీగలు చుట్టి, కింది ములుకులు చెరువు నీళ్లలో పెట్టాం. బుడగలు వచ్చాయి. గోధుమరంగు రాలేదు. అంటే ఆ తుప్పు నీళ్లలోది కాదు, ఇనుములోది. ఉప్పు కలిసిన నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఇనుము కరిగి దిగుతుంది. మిషన్ నీళ్లలో ఉప్పు లేదు కాబట్టి దిగదు. ఆ కుర్రాడికి ఇది తెలుసో తెలియదో నాకు తెలియదు. అతనికీ ఎవరో చెప్పే ఉంటారు.

"అయితే చెరువు నీళ్లు మంచివనేగా!" అని పిన్ని లేవబోయింది.

ఆమెని ఆపింది వదినే. "అది మాత్రం నీకెలా తెలుసు? మేకులు తిట్టనూ లేదు, పొగడనూ లేదు." మా నాన్నగారు వింటే ఎంత సంతోషించేవారో. ఆ తర్వాత నీళ్ల పరీక్షల డబ్బా ఉన్న ఆరోగ్య కార్యకర్తని పిలిపించి చూపించాం. కాచి తాగమన్నారు, గేదెలు దిగే మూల కంచె వేయమన్నారు. కంచె వేయించమని మామ్మ ఏనాటి నుంచో అడుగుతూనే ఉంది.

ఈ సంగతి విని పెద్దలు మామ్మకి కబురు పంపారు, వచ్చి పని చూసుకోమని. ఆమె రాలేదు. "నా మీద మాట పడింది పంచాయతీ అరుగు మీద. ఆ మాట అక్కడే పోవాలి," అంది. ఆదివారం ఆరాధన అయ్యాక బ్యాటరీ అరుగెక్కింది. ఉప్పు ఎవరు వేస్తారన్నప్పుడు మామ్మ ముందుకొచ్చింది. చిటికెడు తీసి తనే వేసింది. నీళ్లు రంగు తిరిగేదాకా గ్లాసు మీదకి వంగి చూసింది. తిరిగాక పెద్దల్లో ఒకాయన లేచి, "తొందరపడ్డామండీ మామ్మగారూ," అన్నారు. ఆయన నోట "అండీ" వినడం ఆమెకి అదే మొదలనుకుంటాను. మర్నాడు తెల్లారేసరికి గట్టు మీద గేదెల్ని అదిలిస్తూ ఆమె గొంతు వినబడింది.

వదిన మిషన్ కొనుక్కుంది, నీళ్లు బావున్నాయంటుంది. అదీ మంచిదే. ఇప్పుడు శుక్రవారాల్లో ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు ఏదో ఒకటి పట్టుకొస్తారు: పాలు, పసుపు, ఎండుచేపలు. "ఎలా తెలుస్తుంది?" అని మొదలవుతుంది. అన్నీ తేలవు.

ఆ రోజు మామ్మ గ్లాసు మీదకి అంతగా ఎందుకు వంగిందో తర్వాత తెలిసింది. ఆమె కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఈ నెలలో ఏలూరులో ఆపరేషన్ చేస్తామన్నారు. ఇది చదివినవాళ్లు నన్ను, నా రాతని మర్చిపోయినా ఫర్వాలేదు. ఈ పూట మంచినీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు, మీరు ఏ దేవుడికి మొక్కేవారైనా సరే, ఆమెని ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. మంచినీళ్ల చెరువు మామ్మ అంటే చాలు.