ఏ చెవో చెప్పు

ద్రగోయ్ బల్గేరియాలోని స్లివెన్ ఊళ్ళో బట్టల మిల్లులో మగ్గాల మెకానిక్. ఆయన ఉద్యోగం మానేసినా మగ్గాలు ఆయన్ని మానలేదు, ఎడమ చెవిలో కాపురం పెట్టాయి. ఏళ్ళ తరబడి గుయ్యిమని ఒకటే మోత. చెవి మోగినవాడు మనసులో ఓ కోరిక అనుకుని, ఏ చెవో పక్కవాళ్ళని చెప్పమనడం అక్కడి అలవాటు. సరిగ్గా చెబితే కోరిక తీరుతుంది. ద్రగోయ్ రోజూ పొద్దున కాఫీ దగ్గర భార్య వెలిచ్కాని అడుగుతాడు.

"ఏ చెవో చెప్పు."

"ఎడమదే. ఇంకే చెవి ఏడ్చింది నీకు?"

"కరెక్టే. మోత ఆగాలనుకున్నా."

"ఆగిందా?"

"ఊహూఁ."

"నా తప్పేం లేదు. బనిత్సా తిను, చల్లారిపోతోంది."

రోజు మొత్తానికి వాళ్ళ మాటలు అవే. ఆపైన ఆవిడ టీవీతోనూ, ఆయన మోతతోనూ కాలక్షేపం చేసేవారు.

వీధిలో వైద్యులకి కొదవలేదు. ఒకావిడ చెవిలో వెల్లుల్లి పెట్టమంది. పక్కింటాయన రాకియా సారా చుక్కలు వేసుకోమని సీసా తెచ్చి, మాట్లాడుతూనే తన నోట్లో పోసుకున్నాడు. ద్రగోయ్‌కి కావలసింది ఒక్కటే, చచ్చేలోగా ఒక్క పూట నిశ్శబ్దం. అందుకే మెదడుకి అయస్కాంతం పెట్టే డాక్టరమ్మని వెతుక్కుంటూ ప్లోవ్‌దివ్ వెళ్ళాడు.

"ఏ చెవి మోగుతోంది, తాతా?"

"నువ్వే చెప్పు!" అన్నాడు అలవాటు కొద్దీ.

"కుడిదా?"

ఆయన మొహం మాడిపోయింది. "ఇంకేం, తగ్గినట్టే!"

డాక్టరమ్మ నవ్వింది. కొందరికే తగ్గుతుందనీ, తగ్గినా మళ్ళీ రావచ్చనీ చెప్పి, అయస్కాంతపు తీగచుట్ట తలకి ఆనించింది. "తల కదపకూడదు. అర్థమైందా?"

అర్థమైందని ఆయన తల అడ్డంగా ఊపాడు. బల్గేరియాలో అవునంటే అంతే. తీగచుట్ట కాస్తా జారిపోయింది. మళ్ళీ పెట్టాక అది చేసే టకటకకి మగ్గాలే నయమనిపించింది.

చికిత్స ముగిసిన కొన్నాళ్ళకి, ఓ పొద్దున లేచేసరికి మోత లేదు. గోడగడియారం, కాఫీ పొంగడం, వెలిచ్కా చెప్పుల చప్పుడు, అన్నీ వినబడుతున్నాయి. ఆయనకి సంతోషంతో ఏడుపొచ్చింది.

కాఫీ తాగడం అయిపోయింది.

"ఇవాళ అడగవేం?" అంది వెలిచ్కా.

"మోగట్లేదు."

"ఓహో. మంచిదేగా."

ఆవిడ లేచి, కడిగిన కప్పులే మళ్ళీ కడిగింది. టీవీ కూడా పెట్టలేదు. ఏళ్ళ తరబడి కోరుకున్న నిశ్శబ్దం ఆ వంటింట్లో ఒక్క పూట కూడా భరించడం ద్రగోయ్ వల్ల కాలేదు.

మర్నాడు కాఫీ దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"ఏ చెవో చెప్పు."

వెలిచ్కా ఆయన మొహంలోకి చూసింది. అబద్ధమాడటం ఆయనకి ఏనాడూ చేతకాలేదు.

"కుడిది," అంది.

"తప్పు."

"అయితే రేపు మళ్ళీ అడుగు."