నాయన పెట్టని సంతకం

పోయిన వారం నరసరావుపేటలో మా మనవరాలికి స్కాలర్‌షిప్పు డబ్బు పడింది. పదహారేళ్ళ పిల్లకు బ్యాంకు కార్డు ఎందుకు, తన దగ్గరుంటేనే భద్రమంటూ మా అబ్బాయి దాన్ని జేబులో వేసుకోబోతుంటే, నేను వాడి చేతిలోంచి లాక్కుని పిల్ల చేతిలో పెట్టాను. ఈ వయసులో అమ్మకింత కోపమేమిటని వాడు తెల్లబోయాడు. మన ఈడు ఆడవాళ్ళకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను.

మాది గురజాల దగ్గర పల్లె. నాయన నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. పన్నెండో ఏటి నుంచి నా సెలవులన్నీ మిరపకోతల్లోనే గడిచాయి. సాయంత్రానికి ఘాటుకు చేతులు మండిపోతుంటే అమ్మ మజ్జిగలో ముంచి కూర్చోమనేది. ఆ కూలి మేస్త్రి ఏనాడూ నా చేతికి ఇవ్వలేదు, నాయనకే ఇచ్చేవాడు. అయితే నాయన దాన్ని తాగి తగలేసే మనిషి కాదు, ఆ మాట చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది. నా పేరు మీదే పోస్టాఫీసులో వేసి, పాస్‌బుక్కు తన పెట్టెలో దాచి, ఇదంతా నీ చదువుకేనమ్మా అనేవాడు. ఆ మాట నమ్ముకునే ఐదేళ్ళు ఆ మంట ఓర్చుకున్నాను.

తీరా ఇంటర్ అయ్యాక, గుంటూరులో నర్సు ట్రైనింగులో చేరతానంటే, అన్నయ్య ట్రాక్టరులో వాటా కొంటున్నాడు, ముందు అది కానీ, నీకేం తొందర అన్నాడు నాయన. బతిమాలాను, ఏడ్చాను, రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు నాయన ఉతికిన చొక్కా తొడుక్కుని పోస్టాఫీసుకు బయలుదేరితే, చెప్పులైనా వేసుకోకుండా వెనకాలే పోయాను.

మైనరు పిల్ల డబ్బు తీయాలంటే, అది ఆ పిల్ల అవసరానికేనని పెద్దవాళ్ళు రాసి సంతకం పెట్టాలట. పోస్టుమాస్టరు గారు ఆ ముక్క పైకి చదివి నాయన చేతికి కలం ఇచ్చారు. పింఛన్ల రోజేమో, అరుగు నిండా జనం.

"నా అవసరానికి కాదండీ, మా అన్న ట్రాక్టరుకి," అన్నాను.

"నోరు ముయ్యవే! ఇంటికి పద, నీ సంగతి చెప్తా," అన్నాడు నాయన.

"కొడితే కొట్టు నాయనా. ఆ కాగితం మీద మాత్రం అబద్ధం రాయమాక."

కలం పట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మూడో తరగతితో చదువు ఆపేసినవాడే గానీ, అబద్ధం కింద తన పేరు రాయగల మనిషి కాదు. కలం బల్ల మీద పెట్టి, నా వంక చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కొట్టలేదు, కొట్టినా బాగుండేది, ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. నాకు పద్దెనిమిది నిండిన వారంలో పాస్‌బుక్కు తెచ్చి నా పక్కన పెట్టి, మాట్లాడకుండానే క్వారీకి పోయాడు. నా సంతకంతో నా డబ్బు తీసుకుని గుంటూరు బస్సెక్కాను. ట్రాక్టరు వాటా చేజారిన సంగతి అన్నయ్య ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ ఎత్తుతాడు. ఎత్తనీ.

ఇప్పుడు మా వైపు కోతకూలి ఫోన్లలోకే వస్తోంది. కోతల నుంచి వచ్చే ఆడవాళ్ళు కనపడితే, ఆ ఫోను ఎవరి దగ్గరుంటుందమ్మా అని అడగకుండా ఉండలేను. కొందరు నవ్వి కొంగుముడిలోంచి తీసి చూపిస్తారు, కొందరు మాట మారుస్తారు. నాయన పోయి చాలా ఏళ్ళయింది. అంతమందిలో ఆయన తల దించుకునేలా చేశానే అని ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. అయినా నన్ను మళ్ళీ ఆ అరుగు మీద నిలబెడితే, మళ్ళీ ఆ మాటే అంటాను.