సతుర్నినా బుధవారం

పెరూ రాజధాని లిమా చివర, మా ఇసుక కొండ మెట్ల మధ్యలో ఉంది మా ఉమ్మడి వంటిల్లు. పక్కనే పాత టైర్లలో కొత్తిమీర, ఉల్లికాడలు, పాలకూర పెంచుతాం. కూరలు కడిగిన నీళ్ళే వాటికి. రోజుకు ముగ్గురు ఆడవాళ్ళది వంట వంతు. మధ్యాహ్నం అందరూ గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడి, ఎవరి భోజనం వాళ్ళు ఇంటికి తీసుకెళ్తారు.

సతుర్నినాది బుధవారం. పంతొమ్మిదేళ్ళుగా బుధవారమే. భర్త పోయాక ఆమె ఇంట్లో రెండో గొంతు లేదు. బుధవారం మాత్రం తెల్లారేసరికి వచ్చి, బంగాళాదుంపల చెక్కు తీస్తూ తోటివాళ్ళను ఆటపట్టించేది. "నీ మొగుడికంటే ఈ దుంప నయమే, చెక్కు తీస్తే లోపల ఏదో ఉంది" అనేది. మధ్యాహ్నానికి మొహం వెలిగిపోయేది.

ఏప్రిల్లో ఆమెకు డెబ్బై నిండాయి. మా అధ్యక్షురాలు యోవానా సమావేశంలో లేచి, ఇన్నేళ్ళు కష్టపడిన మనిషికి ఇక వంతు వద్దు, భోజనం గుమ్మానికే పంపిద్దాం అంది. అందరం చేతులెత్తాం. నేనైతే సంబరంకొద్దీ రెండు చేతులూ ఎత్తాను! పూలగుత్తి ఇచ్చి చప్పట్లు కొట్టాం.

"నా చేతులు బానే ఉన్నాయే" అంది సతుర్నినా. మొహమాటమనుకున్నాం.

ఆ వచ్చే బుధవారం కత్తి తెచ్చుకుని మరీ వచ్చింది. ఆమె చోట్లో కొత్తగా చేరిన పిల్ల కూర్చునుంది. ఆ పిల్ల చటుక్కున లేచి కుర్చీ వేసి, టీ కలిపి ఇచ్చి, "నువ్వేం ముట్టుకోకత్తా, హాయిగా కూర్చో" అంది. చేతిలో పని లేకపోయేసరికి సతుర్నినాకు మాట కూడా పెగల్లేదు. టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

గుమ్మానికి భోజనం తెచ్చేవాళ్ళు ఇంకా ఏడిళ్ళు తిరగాలి. గిన్నె చేతిలో పెట్టి పరుగే. అందుకని, తనే వచ్చి తెచ్చుకుంటానని కబురు చేసింది. వరసలో నిలబడితే అరగంట మనుషుల మధ్య గడుస్తుంది కదా. కానీ పెద్దావిడని ముందుకు పంపేశారు. రోజూ అంతే. రెండు నిమిషాల్లో గిన్నె నిండేది, మళ్ళీ ఆ ఇల్లే.

ఇవేవీ నాకప్పుడు తట్టలేదు. బళ్ళో ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పాను, ఏం లాభం.

నిన్న సతుర్నినా ఆలస్యంగా వచ్చి నా వెనక నిలబడింది. అలవాటుగా నేను పక్కకు జరిగి, ముందుకెళ్ళు వదినా అన్నాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, నీకు దణ్ణం పెడతాను. నా ముందునుంచి జరగకు."

జరగలేదు. నా మోకాళ్ళ నొప్పి సంగతి మొదలుపెట్టాను. ఆమె తన నడుం నొప్పి గురించి చెప్పింది. మా ముందు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. కాసేపటికి ఎనిమిదిమంది.