బోర్లా మాస్టారు

మా మ్యూజియంలో శిలాజాల విభాగం పెద్దాయనకు ఒకటే జబ్బు. ఏ వస్తువు కనిపించినా తిప్పి అడుగు చూడందే ఊరుకోరు. అందుకే ఆయన మాకు బోర్లా మాస్టారు.

కూర్చోమంటే ముందు కుర్చీని తలకిందులు చేస్తారు. కప్పు అడుగు చూడబోయి ఒళ్లంతా టీ పోసుకున్న రోజులు నేనే నాలుగు ఎరుగుదును. "ఖాళీ కంచమే ముందు ఇస్తాను. తిప్పి చూసి పెట్టాక వడ్డిస్తాను," అనేవారు వాళ్లావిడ. మనవరాలు మొదటిసారి బోర్లా పడితే ఇల్లంతా సంబరపడింది. ఈయన మాత్రం, "ఆలస్యమైంది," అన్నారట.

తప్పంతా తాబేళ్లది. రాయిగా మారిన తాబేటి డిప్పలు ఏ రకానివో తేల్చడమే ముప్పయ్యేళ్లుగా ఆయన పని.

"పై డిప్పలు చూస్తే అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయమ్మాయ్. అడుగు డిప్ప మీద అతుకుల గీతలు చూడు, ఎవరి వంశం వాళ్లదే. ఆ కాలంలో ఎన్ని రకాలు బతికాయో అక్కడ తెలుస్తుంది."

నేను బుద్ధిగా తలూపాను. తలకెక్కించుకోలేదు.

నా ఆర్నెల్ల ట్రైనింగ్ చివర్లో, పాత గనిలో దొరికిన ముక్కల ట్రే ఒకటి ఇచ్చారు. ఆ గనిలో ఉన్నది ఒకే రకం తాబేలని అందరి నమ్మకం. మూడు వారాలు కూర్చుని పై డిప్పకి అడుగు డిప్ప అతికించాను. అంచులు కుదరని చోట ప్లాస్టర్ దట్టించాను. శుక్రవారం డైరెక్టరమ్మ వచ్చి దాన్ని చూసి, నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తారు.

ఆ పొద్దున తుడుస్తుంటే చూపు అంచు మీద పడింది. పై డిప్ప గీతలు ఒకచోట దిగుతున్నాయి, అడుగు డిప్ప గీతలు ఇంకోచోట మొదలవుతున్నాయి. రెండు వేర్వేరు జాతుల తాబేళ్లకు నేను పెళ్లి చేసేశాను. ఎవరికైనా చెప్పేలోపే డైరెక్టరమ్మ, వెనకే మాస్టారు గదిలోకి వచ్చేశారు.

మాస్టారు దాన్ని తిప్పితే నా ఉద్యోగం గోవిందా. ఆయన తిప్పకుండా ఉండటమన్నది జరిగే పని కాదు.

ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు.

"ఏం మాస్టారూ, తిప్పి చూపించరా?" అడిగారు డైరెక్టరమ్మ.

"జిగురు పచ్చిగా ఉందండి. సోమవారం దాకా ముట్టుకోకూడదు. అది ఏ రకమో అప్పుడే చెబుతాం. ఈలోగా శుభ్రం చేసిన తీరు చూడండి, ఒక్క గీత చెదరలేదు. ఇంత ఓపికున్న చెయ్యి మళ్లీ దొరకదు."

ఆవిడ భూతద్దంతో చూసి, తలూపి వెళ్లిపోయారు.

"మాస్టారూ, జిగురు మంగళవారమే ఆరిపోయింది," అన్నాను.

"తెలుసు. బుధవారం తిప్పి చూశాను. నువ్వూ చూడు."

తిప్పాను. అడుగున చీటీ అంటించి ఉంది: "రెండు తాబేళ్లు. సోమవారం విడదీద్దాం. కంగారు పడకు."

"ఆ గనిలో రెండు రకాలున్నాయని ఇన్నేళ్లుగా నాకే తెలీదు," అన్నారాయన. "కుదరనివాటిని నువ్వు కుదర్చబట్టి తేలింది."

సోమవారం రెండింటినీ విడదీశాం. జరిగిందంతా డైరెక్టరమ్మకు నేనే చెప్పాను.

"ఆయన చేతులు జేబుల్లో చూసినప్పుడే అర్థమైంది," అన్నారావిడ. "అయినా నీ చెయ్యి గురించి ఆయన చెప్పింది అబద్ధం కాదుగా. సంతకం ఆ రోజే పెట్టాను."

నా ఉద్యోగం కాగితం చేతికిచ్చారు. చదవకుండానే ముందు దాన్ని తిప్పి చూశాను.