ఉత్తరం చూపే ముల్లు

మునిరామయ్య అడవి పక్కన పుట్టి, అడవి సరుకు అమ్ముకుని బతికి, ముప్పయ్యయిదేళ్ళు వచ్చేదాకా అడవిలో కాలు పెట్టని మనిషి. అందులో తప్పేముంది? చేపలమ్మేవాళ్ళంతా ఈదుతారా ఏమన్నా? తప్పు ఆ తర్వాత చేశాడు.

తిరుపతిలో కొండకు పోయే దారిలో అతనికి మూలికల కొట్టుండేది. నన్నారి గడ్డలు, నేలవేము, తిప్పతీగె, కరక్కాయలు, తేనె. చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి వైద్యులు వచ్చి మూటలు కట్టించుకుపోయేవారు. వాళ్ళ ముందు మునిరామయ్య గడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇది తూర్పు వాలున పెరిగింది" అనేవాడు. అది ఏ వాలున పెరిగిందో నిజంగా తెలిసినవాడు కొట్టు వెనక, ఎండలో గొంతుక్కూర్చుని ఉండేవాడు. అతని పేరు ఓబయ్య. యానాది ముసలివాడు. మునిరామయ్య నాయన కాలం నుంచీ ఆ కొండల్లో తవ్వి తెచ్చి ఆ కొట్టును నిలబెట్టింది అతనే. అయినా మునిరామయ్య నోట "ఒరే ఓబిగా" తప్ప ఇంకో పిలుపు ఏనాడూ రాలేదు.

మునిరామయ్య పెళ్ళాం తొలికాన్పులోనే పోయింది. మళ్ళీ చేసుకోలేదు. తిండీ పడకా అక్క వరదమ్మ ఇంట్లోనే. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్ళు, వరదమ్మకు పదహారు; తల్లి చేయాల్సినవన్నీ ఆమే చేసింది. ఆమె మొగుడు ఏకాంబరం ఒక సత్రంలో వంటవాడు. గట్టిగా మాట్లాడితే పులుసు విరిగిపోతుందేమో అన్నంత మెత్తని మనిషి. అతనికి అడవంటే పెరట్లో కరివేపచెట్టు. వరదమ్మకు లోకమంటే ఏకాంబరం. మధ్యాహ్నం అతను రావడం కాస్త ఆలస్యమైతే వీధి చివరిదాకా పోయి నిలబడేది. నలభై దాటినా అందుకు సిగ్గుపడేది కాదు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఓబయ్యకు మోకాళ్ళు పట్టేశాయి. ఒకరోజు మూట దించి, అతికష్టం మీద కూర్చుని అడిగాడు.

"సామీ, నా కాళ్ళు అయిపోయినాయి. కొడుకులా, లేరు. నువ్వు రాకూడదా? ఒక వానాకాలం, ఒక ఎండాకాలం నా ఎనకాల నడువు. యాడ తవ్వాల, యాడ తవ్వగూడదు, అన్నీ సూపిస్తా."

"ఎంతడుగుతావురా?"

"దుడ్డు వొద్దు. నడిసిన పొద్దు ఇంత సంగటి పెట్టు సాలు."

సంగటి దగ్గర మునిరామయ్యకు అభ్యంతరం లేదు. 'ఎనకాల' దగ్గర ఆగిపోయాడు. కొట్టు యజమాని యానాది వెనక నడవడమా? ఓబయ్యలాంటివాళ్ళు పదడుగుల దూరంలో మూట మోసుకుంటూ వెనక రావడమే అతను పుట్టినప్పటి నుంచి చూసిన లోకం. "నీ ఎనకాల నడిసే ఖర్మ నాకింకా పట్టలేదులే" అన్నాడు. ముసలివాడు తల గోక్కుని లేచిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మదరాసులో పటాలం సామాన్లు తెగనమ్ముతున్నారని తెలిసింది. తెల్లదొరలు బర్మా అడవులు దాటింది ఆ సామాన్లతోనే అని ఎవడో చెప్పాడు. ఇంకేం కావాలి? మునిరామయ్య అక్క చెవుల కమ్మలు అడిగి తీసుకుని రైలెక్కాడు. నాలుగోనాడు దిగాడు. అడుగున ఇనప మేకులు కొట్టిన తోలు బూట్లు రెండు జతలు, గుడ్డ తొడిగిన నీళ్ళసీసా, మడత గుడారం, దుర్భిణి, వీపున తగిలించుకునే సంచి, ఇత్తడి డబ్బీలో దిక్సూచి. బూట్లేసుకుని వీధిలో టకటకా నడిస్తే పోలీసులనుకుని పక్కసందులో పేకాడేవాళ్ళు గోడ దూకారు. మునిరామయ్య ఆ సంతోషం వారం రోజులు అనుభవించాడు.

ఓబయ్యను పిలిచి మరీ చూపించాడు. ముసలివాడు దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. లోపలి ముల్లు వణికి, ఒకచోట నిలబడింది.

"ఇది నీళ్ళు సూపిస్తాదా సామీ?"

"ఉత్తరం సూపిస్తాదిరా."

"ఉత్తరం యాడికి పోతాది? ఆడ్నే ఉంటాది గదా."

కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. మునిరామయ్యకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ రోజు నుంచి ఓబయ్య సరుకు కొనడం మానేశాడు. తానే తవ్వి తెస్తానన్నాడు.

వైశాఖం వచ్చింది. షర్బతు కొట్లవాళ్ళు నన్నారి కోసం ఎగబడే రోజులు. కొట్లో గడ్డ లేదు. ఒంటరిగా పోవడానికి మునిరామయ్యకు భయం. ఆ మాట పైకి చెప్పలేక ఏకాంబరాన్ని పట్టుకున్నాడు. "బావా, పొద్దున పోతే మాపటికి వచ్చేస్తాం." ఏకాంబరం కాదనడం నేర్చుకోలేదు. సత్రంలో ఒక రోజు సెలవడిగాడు.

బయల్దేరేటప్పుడు వరదమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "మునిరామా, నాకుండేది ఆయనొక్కడు. ఎట్ల తీసకపోతా ఉండావో అట్లే తెచ్చి ఇడుసు."

"ఇన్ని సామాన్లుండాయి, భయమెందుకక్కా" అన్నాడు.

ఏకాంబరం తన పాత చెప్పులు వేసుకున్నాడు. మునిరామయ్య ఊరుకోలేదు. రెండో జత బూట్లు తొడిగించాడు. కాళ్ళకు వదులైతే గుడ్డపేలికలు కుక్కాడు.

మెట్ల దారి వదిలి, మోకాళ్ళ పర్వతం కింది కోనలోకి దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. గడ్డ దొరకలేదు. ఏ తీగ నన్నారో మునిరామయ్యకు ఎండినప్పుడే తెలుసు. పచ్చిగా ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. ఏకాంబరం వంటవాడు గనుక ఆకు నలిపి వాసన చూసి ఒకటి కనిపెట్టాడు. అది ఒక ఏటవాలు బండ మీద ఉంది. యానాదులు ఉత్తకాళ్ళతో బల్లుల్లా ఎక్కే బండ. ఏకాంబరం రెండడుగులు వేశాడు. ఇనప మేకు రాతి మీద కీచుమంది. నున్నటి రాతి మీద మేకు నిలుస్తుందా? రెండు నిలువుల లోతుకు జారాడు. కుడి పిక్కలోంచి ఎముక తెల్లగా బయటికొచ్చింది.

కాలు విరిగితే పుత్తూరుంది. కట్టుకట్టించుకుని నడిచినవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారు. దప్పికకు పుత్తూరు లేదు. సీసాలో మిగిలింది రెండు గుక్కలు.

మునిరామయ్య గుడారం గుడ్డను బండకు కట్టి నీడ చేశాడు. డబ్బీ తెరిచాడు. ఊరు దక్షిణాన ఉందని ముల్లు తిరుగులేకుండా చెప్పింది. తిన్నగా దక్షిణానికి నడిచాడు. నిలువు లోయ అడ్డమొచ్చింది. వెనక్కొచ్చి మళ్ళీ నడిచాడు. మళ్ళీ అదే లోయ. వచ్చిన దారి ఏదో చూసుకుంటూ రావాలని డబ్బీ అతనికి చెప్పలేదు.

అప్పుడు వినపడింది. పైన, చాలా ఎత్తున, మెట్లెక్కే యాత్రికుల గుంపు. మునిరామయ్యకు ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ప్రాణం పెట్టి అరిచాడు. ఏమని అరిచాడు? ఆ కొండ కింద పుట్టినవాడు ఏమని అరుస్తాడో అదే.

"గోవిందా..."

పైనుంచి యాభై గొంతులు ఒక్కటై పలికాయి. "గోవింద..."

మునిరామయ్య మళ్ళీ అరిచాడు. ఇంకా భక్తిగా జవాబొచ్చింది. అతను ఏడ్చేశాడు. పరిగెత్తుకుంటూ వచ్చి బావ పక్కన కూలబడ్డాడు. "విన్నారు బావా. పలికినారు. వస్తా ఉండారు." ఏకాంబరం నవ్వడానికి చూశాడు.

సాయంత్రం దాకా గుంపు తర్వాత గుంపు పోయింది. ప్రతి గుంపుకూ అతను అరిచాడు. ప్రతి గుంపూ పలికింది. ఒక్క మనిషి దిగలేదు. అరవాలంటే తనలో సత్తువుండాలి గదా అనుకుని సీసాలో రెండు గుక్కలూ మునిరామయ్యే తాగాడు. బావ చూడకుండా తాగాడు. చూసినా ఏకాంబరం ఏమీ అనేవాడు కాదు.

తెల్లారి ఏకాంబరం నాలుక వాచింది. "రామయ్యా, ఇంకా రాలేదా?"

"వస్తా ఉండారు బావా. దావలో ఉండారు."

"నీళ్ళు తెస్తారు గదా?"

"తెస్తారు."

ఆ మాట ఎన్నిసార్లు అడిగాడో, ఎన్నిసార్లు చెప్పాడో. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఏకాంబరం అడగడం మానేశాడు. కాసేపటికి ఊపిరీ ఆగింది.

రాత్రంతా వీధి చివర నిలబడ్డ వరదమ్మ తెల్లారగానే ఓబయ్య గుడిసెకు పరిగెత్తింది. మొన్నటి దాకా తమ్ముడు తిట్టి తరిమిన మనిషి కాళ్ళ మీద పడింది. ఓబయ్య కర్ర ఊతంతో, ఆగి ఆగి, బూటు మేకుల గీతలు చూసుకుంటూ కోనలోకి వచ్చాడు. అప్పటికి పొద్దు వాలింది. చచ్చినవాణ్ణి చూశాడు, బతికినవాణ్ణి చూశాడు. నేరుగా బండ వెనక్కి నడిచాడు. నలభై అడుగులుంటుందేమో. మూరెడు లోతున ఇసుక తోడాడు. గుంటలో నీళ్ళు ఊరాయి.

మునిరామయ్య బోర్లా పడి తాగాడు. గడ్డీ ఇసుకా నోట్లోకి పోతున్నా తాగాడు. బండకు అవతలే బావ శవముంది. అయినా దప్పిక దప్పికే.

"ఏమని అరిసినావు సామీ?" అని ఓబయ్య అడిగాడు.

"గోవిందా అని."

"కొండ మీద గోవిందా అంటే గోవిందా అంటారు. ఇంకేమంటారు? సచ్చిపోతా ఉండామయ్యా అని అరిసుంటే వొచ్చుందురు."

మెట్ల దారి దాకా పోయి ఓబయ్య పిలుచుకొచ్చిన మనుషులు శవాన్ని ఆ గుడారం గుడ్డలోనే మోసుకొచ్చారు. వరదమ్మ ఏడవలేదు. ఒక్క మాటే అడిగింది. "ఆడ నీళ్ళు లేవా?"

మునిరామయ్య అక్క ముఖం చూశాడు. "సుక్క నీళ్ళు లేవక్కా. కోనంతా ఎతికినా."

ఓబయ్య నేల చూస్తూ నిలబడ్డాడు. వరదమ్మ తలాడించింది. నీళ్ళే లేని చోట ఎవరు మాత్రం ఏం చేస్తారు? తలరాత అనుకుంది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు సరికదా, వాడూ దప్పికతో పడుండినాడు గదా అని దగ్గర కూర్చుని అన్నం తినిపించింది. ఒక శాపనార్థం పెట్టుంటే బాగుండేది.

పదమూడో రోజు దాటాక మునిరామయ్య ఓబయ్య గుడిసెకు పోయాడు. "ఓబయ్యా, నీ ఎనకాల నడుస్తా" అన్నాడు. ముసలివాడు సంగటి కూడా అడగలేదు. ఆ ఏడంతా కర్ర ఊతంగా ముందు అతను, వెనక ఉత్తకాళ్ళతో ఇతను. ఊరు చూసింది, నవ్వింది, మానేసింది. మునిరామయ్య నేర్చుకున్నాడు. అదే అతనికి పడ్డ శిక్ష. మొదటి నెలలో ఆ కోనలో నీళ్ళు ఒకచోట ఉన్నాయనుకున్నాడు. వానాకాలం ముగిసేసరికి మూడు చోట్లు తెలిశాయి. ఎండాకాలం వచ్చేసరికి ఆరు. బావ పడుకున్న చోటి నుంచి చేయి చాచితే అందే తీగను కోస్తే గుక్కెడు నీళ్ళు కారతాయని కూడా తెలిసింది. తెలిసిన ప్రతిదాన్నీ మోసుకుని ఇంటికొచ్చి, అక్క పెట్టింది తినేవాడు.

ఏడాది తిరిగింది. వరదమ్మ బిందెతో నీళ్ళు నెత్తిన పెట్టుకుంది. "దప్పికతో పోయినాడు. నీళ్ళు లేని సోట ఆయన పేరుతో ఇన్ని నీళ్ళు పోసొస్తా. దావ సూపించు" అంది. మోస్తానంటే ఇవ్వలేదు. అంత దూరం, ఆ ఎండలో, రాళ్ళ మీద, ఒక్క చుక్క ఒలకనీయకుండా మోసింది. దప్పికైనా అందులోంచి తాగలేదు. మునిరామయ్య ఆమెను నీటిగుంట కంటపడకుండా అవతలివైపు నుంచి తిప్పి బండ దగ్గరికి తెచ్చాడు. అంతవరకు దారి నేర్చుకున్నాడు మరి.

ఆమె బిందె దించి, చెమట తుడుచుకుని, చుట్టూ చూసింది. అడవి చూడడం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. కొన్ని గువ్వలు వచ్చి బండ వెనక వాలాయి. అవి లేచిపోతే ఇంకొన్ని వాలాయి.

"ఆ గువ్వలు ఆడికెందుకు పోతా ఉండాయి?"

వరదమ్మ బండ వెనక్కి పోయింది. పందులు తోడిన గుంటలో నీళ్ళు మెరుస్తున్నాయి. వంగి వేలు ముంచింది. చాలాసేపటికి తిరిగొచ్చింది.

"నువ్వు తాగినావా?"

"ఆయన పోయినాక తాగినాక్కా."

"సీసాలోవి?"

అతను తల దించుకున్నాడు. అది చాలు ఆమెకు. బిందెడు నీళ్ళూ బండ మీద పోసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని, తమ్ముడి కోసం చూడకుండా దిగిపోయింది.

ఇంట్లోంచి పొమ్మనలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె తమ్ముడికి రెండు పూటలా అన్నం వండి పెట్టింది, పులుసు పోసింది, మారు వడ్డించింది. విస్తరి పక్కన చెంబు మాత్రం పెట్టలేదు. ముద్ద గొంతులో అడ్డం పడి దగ్గు వచ్చినా ఆమె కదిలేది కాదు. మునిరామయ్య ఎంగిలి చేత్తోనే లేచి, ఆమెను దాటుకుంటూ పెరట్లోకి పోయి, చేదుకుని తాగి వచ్చి కూర్చునేవాడు.