బోనులో నాన్నగారు

గల్లా దగ్గర కూర్చున్నవాడు తన బాధ బయటికి చెప్పకూడదన్నది మా నాన్నగారి నియమం. తాడేపల్లిగూడెంలో మాది చిన్న కిరాణా కొట్టు. "బాగున్నారాండీ?" అని ఎవరడిగినా "మీ దయవల్ల బాగున్నామండీ" అనేవారు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా అదే జవాబు. షావుకారు మంచాన పడ్డాడని మార్కెట్లో పొక్కితే హోల్‌సేలువాళ్లు అరువివ్వడానికి వెనకాడతారని ఆయన భయం. మా అమ్మ దినకార్యాలు అయిన మర్నాడు కొట్టు తెరిచి, బేరానికి వచ్చినవాళ్లతో అదే మాట అన్నారు. కోపంతో నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత ఒక పెళ్లికని నాన్నగారు ఏలూరు నుంచి కైకలూరు రోడ్డులో, బంధువు బండి వెనక కూర్చుని వెళుతున్నారు. కొల్లేరు వైపు నుంచి చేపల లోడుతో ఎదురొచ్చిన లారీ, ఇంకో బండిని దాటబోయి వీళ్లను గుద్దింది. బంధువు గీరుకుపోయి బయటపడ్డాడు. నాన్నగారి కుడి మోకాలు నుజ్జయింది. ఏలూరు ఆసుపత్రిలో రాడ్లు వేశారు. ఇంకో ఆపరేషన్ చేస్తే తప్ప చేతికర్ర వదలడం కుదరదన్నాడు డాక్టరు. మొదటి ఆపరేషన్‌కే ఉన్నదంతా ఊడ్చిపెట్టాం. రెండోదానికి మిగిలిన ఆశల్లా లారీ ఇన్సూరెన్స్ మీద వేసిన క్లెయిమ్ కేసు.

మా లాయరు నెమ్మదైన మనిషి. "తప్పు లారీవాడిదని పోలీసు కాగితాలు చెబుతాయండీ. ఖర్చు బిల్లులు చెబుతాయి. కాలు ఎంత దెబ్బతిందో డాక్టరు సర్టిఫికెట్ చెబుతుంది. ఆ కాలుతో పని ఎంత పోయిందో మాత్రం మీ నాన్నగారే చెప్పుకోవాలి. అది చెప్పుకోకపోతే కోర్టు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేదు" అన్నారు. వెళ్లిపోబోతుంటే నన్ను పక్కకు పిలిచి, "వాయిదా రోజున మీరు బయట బెంచీ మీద కూర్చోండమ్మా. ఆడపిల్ల ఎదురుగా ఉంటే పెద్దవాళ్లకి నోరు పెగలదు" అన్నారు.

మా నాన్నగారి సంగతి నాకు ఈయన చెప్పాలా అని ఒళ్లు మండింది. "ఆయన ధైర్యం నేనేనండీ" అని, ఆ రోజు అందరికంటే ముందు వెళ్లి మొదటి బెంచీలో కూర్చున్నాను.

నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. వద్దంటే వినలేదు. బోను మెట్టు ఎక్కలేక కమ్మీ పట్టుకుని ఆగితే, కుర్చీ వేయించమంటారా అని జడ్జిగారు అడిగారు. "పర్వాలేదండీ, నిలబడతాను" అన్నారు.

ఇన్సూరెన్స్ తరఫు లాయరు గద్దిస్తాడని భయపడ్డాను. గద్దించినా బాగుండేది. అతను మా కొట్టుకి వచ్చిన ఖాతాదారులా చిరునవ్వుతో మొదలుపెట్టాడు.

"షావుకారు గారూ, ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉందండీ?"

"మీ దయవల్ల బాగానే ఉందండీ."

"కొట్టు రోజూ తెరుస్తున్నారా అండీ?"

"తెరవకపోతే ఎలాగండీ. తెరుస్తున్నాను."

"వ్యాపారం మునుపటిలాగే సాగుతోందా?"

నాన్నగారు నావైపు ఒక్కసారి చూశారు. "దేవుడి దయవల్ల సాగుతోందండీ" అన్నారు.

వంగి పంచదార తూచలేక బేరాలన్నీ పక్క కొట్టుకి పోతున్నాయని చెప్పలేదు. కొట్టు ముందున్న రెండు మెట్లూ కూర్చుని, చేతులు ఆన్చి దిగుతున్నానని చెప్పలేదు. మా లాయరు లేచి ఎన్ని రకాలుగా అడిగినా, "కొంచెం ఇబ్బందేనండీ, సర్దుకుంటున్నాం" అన్నది దాటి రాలేదు. నేను బెంచీలో కూర్చుని పళ్లు కొరుకుతున్నాను.

తీర్పులో ఆసుపత్రి బిల్లులకి దగ్గరగా ఇచ్చారు. సంపాదన పోయినందుకు ఇచ్చింది నామమాత్రం. వ్యాపారం మునుపటిలాగే సాగుతోందని పిటిషనరే ఒప్పుకున్నారని అందులో రాశారు. అప్పీలు వేయొచ్చు గానీ, ఆయన నోటితో అన్నదాన్ని కాదనడం కష్టమన్నారు మా లాయరు. రెండో ఆపరేషన్ ఆగిపోయింది. ఏలూరు నుంచి తిరిగొచ్చే బస్సులో నేను ఉండబట్టలేక, "మీరు నిలబడింది గల్లా దగ్గర కాదు నాన్నగారూ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

మరుసటేడు కొట్టు మూసేశాం.

మొన్న మోకాలు వాచిందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గది ఇరుకు, తోడొచ్చినవాళ్లు బయటే ఉండాలంది నర్సు. గుమ్మానికి పరదా ఒక్కటే అడ్డం. లోపల్నుంచి నాన్నగారి గొంతు వినిపించింది.

"చచ్చేంత నొప్పండీ. రాత్రుళ్లు నిద్దరుండదు. అమ్మాయి లేస్తుందని మూలగను కూడా మూలగనండీ. ఆ బోనులో నిలబడ్డ గంటా ప్రాణం పోయినంత పనయింది."

కోర్టుకి కావలసిన మాటలు అవే. లాయరు చెప్పినట్టు ఆ రోజు బయట బెంచీ మీద కూర్చుని ఉంటే అక్కడే అనేవారు. ఆయన ధైర్యం నేనేనని విర్రవీగాను. ఆయన నోటికి అడ్డం పడింది నేనే. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

నాన్నగారు కర్ర ఊతంతో బయటికి వచ్చేసరికి మొహం తుడుచుకున్నాను.

"ఏమన్నారు నాన్నగారూ?"

"బాగానే ఉందన్నారమ్మా. నొప్పి కూడా తగ్గింది" అన్నారు.

"మంచిది నాన్నగారూ" అని ఆటో పిలిచాను.