గవదబిళ్ళలూ, మా ఇంటి గొలుసూ

రెండువేలవ సంవత్సరం దాటిన తొలి రోజులవి. మండపేట దాపున ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించేవాడిని. ఏడవ తరగతి పబ్లిక్ పరీక్షలు మూడు వారాలున్నాయనగా బడిలో గవదబిళ్ళలు తలెత్తాయి. దవడలు పొంగిన పిల్లలు ఇంటిపట్టున ఉండిపోగా బెంచీలు ఖాళీ కాసాగాయి. ఆ తరగతిలోనే నా మనుమరాలు. పరీక్షనాటికి ఆ పిల్ల నిలబడుతుందా అన్నదే మా ఇంటి చింత.

పసితనంలో దానికి కాకినాడలో ఒక ప్రైవేటు వైద్యుని వద్ద గవదబిళ్ళల టీకా వేయించాము. అప్పట్లో అది సర్కారు టీకాలలో లేదు. మా వీధిలో వేయించినవారు అరుదు. వీధి నమ్మకమంతా బంగారం మీద. వాచిన బిడ్డ మెడలో పాత బంగారు గొలుసు వేస్తే వాపు దిగుతుందని ఆచారం. నా భార్య పుట్టింటి గొలుసు బాగా గుణమిస్తుందని పేరుపడి, ఒక మెడ నుండి మరొక మెడకు ఇల్లిల్లూ తిరుగుతుండేది.

ఇంతలో మనుమరాలి పక్కన కూర్చునే పిల్లకు చెంప వాచింది. ఆ పిల్లకూ చిన్నప్పుడే టీకా పడింది. గొలుసు తిరిగి ఇవ్వవచ్చిన పొరుగింటావిడ గుమ్మంలోనే మాట అందుకుంది.

"చూశారా మాస్టారూ? సూది పొడిపించుకున్నదానికీ వచ్చింది. ఇంక ఆ కాకినాడ టీకా ఎందుకండీ, పులుసులోకా?"

నా భార్య మనసు చెదిరింది. ఆ గొలుసునే మనుమరాలి మెడలో వేయబోయింది. నేను చేయి అడ్డం పెట్టాను.

"జబ్బుపడ్డ మెడలోంచి ఇప్పుడే కదా వచ్చింది! డాక్టరుగారిని అడిగొచ్చేదాకా ఆగు."

మండపేట వైద్యుడు రైతుబిడ్డ. నా సందేహం విని నవ్వాడు.

"వరదొస్తే ఏటిగట్టుకి ఎక్కడో బొరియ పడుద్దండి. ఇసక బస్తా వేస్తాం గానీ గట్టు తవ్వేసుకోం కదా! టీకా చాలామందిని కాస్తదండి, అందర్నీ కాయదు. ఏళ్ళు గడిస్తే బలం తగ్గుద్ది కూడా. ఒక డోసుకన్నా రెండైతే గట్టి. ఇప్పటికే అంటుకునుంటే మాత్రం ఆపలేదు. ఇది ఉమ్మితో, దగ్గుతో పాకే రోగమండి. గొలుసు పట్టుకుని ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరగడం ముందు మానిపించండి."

మనుమరాలికి రెండవ మోతాదు ఆనాడే వేయించాను. మరునాడు హాజరుపట్టీ ముందుంచుకుని, ఎవరికి టీకా పడిందో ఒక్కొక్కరినే విచారించాను. పడినవారు కొద్దిమందే; వారిలో వాచింది ఆ ఒక్క పిల్లకే, అదీ ఒకవైపే. బడికి రానివారిలో తక్కినవారెవరికీ టీకా లేదు. ఒక్క తరగతిని చూసి శాస్త్రం తేల్చలేమని ఎరుగుదును. ఒక్క పిల్లను చూపి టీకా వట్టిదనడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఇంటికి వచ్చి నా భార్యకు ఆ మాటే చెప్పాను.

సాయంత్రం పొరుగింటావిడ మళ్ళీ వచ్చింది.

"పిన్నిగారూ, మా చిన్నదానికీ దవడ లేచిందండీ. గొలుసోసారి ఇప్పిస్తారా?"

గొలుసు నా భార్య మెడలోనే ఉంది.

"ఇంక ఇది ఎక్కడికీ రాదమ్మా. వాపు తగ్గేదాకా పిల్లని బడికి పంపకు. డాక్టరుగారికి చూపించు."

"ఈ వయసులో బంగారం మీద మోజు పుట్టిందేంటండీ!"

"పుట్టింది. పుట్టకూడదా ఏంటి?"

పరీక్షనాటికి మనుమరాలి చెంపలు ఎప్పటిలాగే ఉన్నాయి. టీకాయే కాచిందో, అదృష్టం కూడా తోడైందో చెప్పలేను. వాపు దిగి, దాని పక్కన కూర్చునే పిల్లా వచ్చి పరీక్ష రాసింది. నేను మాత్రం మనుమరాలి తమ్ముడికి రెండవ మోతాదు కూడా వేయించేదాకా ఊరుకోలేదు.